పరద వెనుక పులి

పరదకు రెండో పక్క కూడా బొమ్మ గీయాలన్న ఆలోచన పర్శరాములుకు ఎలుకల మూలంగా వచ్చింది.

ఆరు పరదలుండేవి అతనికి. దర్బారు, వీధి, ఇల్లు, అడవి, తోట, శ్మశానం. ఊళ్లలో నాటకాలాడేవాళ్లకు వాటిని కిరాయికి ఇచ్చి, తానే పోయి కట్టి, తెల్లారి విప్పుకొని రావడం అతని బతుకుదెరువు. వానకాలమంతా అటకమీద చుట్టిపెట్టిన ఆ ఆరింటిలో మూడింటిని ఎలుకలు కొరికి పోగులు పెట్టాయి. గుడ్డకు పట్టించిన చింతగింజల జిగురంటే ఎలుకలకు పాయసం. అడవి పోయింది. తోట పోయింది. శ్మశానంలో కాలుతున్న చితి ఒక్కటి మిగిలింది.

శివరాత్రికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. మిగిలిన మూడు పరదల్ని వాకిట్లో పరిచి, వాటి నడుమ గొంతుక్కూర్చున్నాడు పర్శరాములు. చొప్పదండికి డేరా సినిమా వచ్చిన కాణ్ణుంచి రెండు ఊళ్లు నాటకాలే మానుకున్నాయి. బావమరిది గట్టయ్య బెల్లంపల్లి నుంచి మూడుసార్లు కబురు చేశాడు, బొగ్గుబాయి మీద రాళ్లేరే పనుంది, వస్తావా రావా అని. నలభై ఆరేళ్లు వచ్చినంక కుంచె పారేసి తట్ట ఎత్తుకోవడమంటే పర్శరాములుకు నడుములో ఏదో విరిగినట్టయ్యేది. ఈ ఎండకాలం గడిస్తే కుంచె నిలుస్తుంది. గడవకపోతే బెల్లంపల్లి.

"కొత్త గుడ్డ తెచ్చుడు మనతోని గాదు," అన్నాడు పెళ్లాంతో. "తెచ్చినా ఆరు పరదలకు బండి గట్టాలె. వచ్చిన దాంట్ల సగం బండోడే తింటుండు."

అనసూర్య చాటలో బియ్యం పట్టుకొని రాళ్లేరుతోంది. తలెత్తలేదు. "అయితే ఏం జేద్దామంటవు?"

"దర్బారు ఎనుక దిక్కు అడివి గీస్త. వీధి ఎనుక తోట. ఇల్లు ఎనుక శ్మశానం. విప్పి మలిపి కట్టుడే. నువ్వొకటి మోస్తే నేను రెండు మోస్త. బండి అక్కెరలే."

"ఇల్లెనుకనే శ్మశానమా?" అన్నది అనసూర్య. "మంచిగనే కలిపినవ్."

ఆ రోజే పని మొదలుపెట్టారు. చింతగింజల్ని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రోట్లో నూరి, ఉడకబెట్టడం అనసూర్య వంతు. ఆ నూరుడు రెండు పూటలు నూరినా తెమలదు. రెక్కలు పడిపోయినా గింజ పలుకు మిగలకూడదు. మిగిలితే ఆరినంక అక్కడ బొమ్మ పొక్కిలేస్తుంది. ఆ జిగురులో సుద్ద కలిపి, ఈతబరిగె కొసను నలగ్గొట్టి చేసిన కుంచెతో పర్శరాములు జానెడు జానెడు మేర పూశాడు. తడి ఎక్కువైతే గుడ్డలోంచి అటు దిగి దర్బారును కరిగించేస్తుంది. అందుకని ముద్దలాగా పూయడం, ఆరిందాకా ఆగడం, మళ్లీ జానెడు. అనసూర్య చాటతో విసురుతూ పక్కన కూర్చునేది. మెడలు పట్టుకుపోయేవి. మాట్లాడుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

పాత అడవిలో పులి లేదు. చెట్లు, ఒక వాగు, రెండు జింకలు, అంతే. ఈ అడవిలో పులి రావడానికి కారణం దీపం నూనె. ఎప్పుడో ఒలికిన నూనె గుడ్డ నడుమ బారెడు మరకయింది. దానిమీద సుద్ద నిలవలేదు, పచ్చరంగు నిలవలేదు. పసుపు మాత్రం నిలిచింది. విసుక్కుంటూనే అక్కడ పులిని పెట్టాడు. మరక ఎంత ఉంటే పులి అంత కావలసి వచ్చింది. పొట్ట మీద చారలు దిద్దుతుంటే అనసూర్య వెనుక నిలబడి చూసి, "గింత పెద్ద పులికి గా జింకలు ఏడ సరిపోతయ్?" అని లోపలికి పోయింది.

శివరాత్రి నాడు మూడు పరదలు భుజాల మీద వేసుకొని నాలుగు మైళ్లు నడిచి రేగడిపల్లెకు పోయారు. మొదటిసారి బండి కిరాయి మిగిలింది. భుజం ఒరుసుకుపోయినా ఆ సంగతి తలుచుకుంటే పర్శరాములుకు నడక తేలికగానే ఉంది.

రేగడిపల్లెలో నాటకం అంటే రామచంద్రం పటేల్ నాటకమే. పదేళ్లుగా రాజు వేషం ఆయనది. వేషం తీసేసినంక కూడా ఊళ్లో పెద్ద తేడా ఏమీ ఉండదు. చుట్టు ఏడు ఊళ్ల ఆటగాళ్లు పరద ఎవరిది కట్టాలి, హార్మోనియం ఎవరిని పిలవాలి అని ఆయన్నే అడుగుతారు. ఆయన ఊ అంటే పర్శరాములుకు ఎండకాలం గడుస్తుంది.

పటేల్ ఇంటి ముందు మైదానంలో రెండు బండ్ల మీద పలకలు పరిచి అరుగు కట్టారు. ముందట ఊరి జనం కూర్చున్నారు. మాదిగవాడ జనం వెనుక కూర్చున్నారు. వెనుక అంటే ఊరి జనానికి వెనుక కాదు, పరదకు వెనుక. వాళ్లకు కనబడేది గుడ్డ వీపు. అతుకులు, జిగురు మరకలు, అటు ఇటు పోయే నీడలు. ఏ నీడ రాజో ఏ నీడ మంత్రో గొంతును బట్టి పోల్చుకోవాలి. పద్యం చెవిన పడుతుంది గదా, ఇంకేం కావాలన్నది ఊరి తీర్పు. ఇరవై ఏళ్లుగా పరదలు కడుతున్న పర్శరాములు ఆ వీపును చూసేవాళ్లున్నారని ఒక్కనాడు అనుకోలేదు. కావాలని చేసింది కాదు, తలపులోకే రాలేదు. రెండు వందల మంది మనుషులు తలపులోకి రాకుండా బతకవచ్చు. ఊరు ఆ వసతి చేసిపెట్టింది.

వేషగాళ్లు మెట్లెక్కడానికి వెనుక దిక్కు ఒక గ్యాసుబత్తి వేలాడదీస్తారు. దానికి గాలి కొట్టే పని అనసూర్యది. ఆ రాత్రి మొదట దర్బారు కట్టారు. ముందటివాళ్లకు స్తంభాలు, సింహాసనం, ఎర్రటి తివాచీ. గ్యాసుబత్తి వెలుతురులో వెనుకవాళ్లకు అడవి.

ఎవరో ముసలిది లేచి దగ్గరికి వచ్చి చూసి, వెనక్కి తిరిగి మెల్లగా అన్నది: "ఓ పోరగాండ్లు, గీడ బొమ్మ ఉన్నదే!"

రామచంద్రం పటేల్ కిరీటం పెట్టుకొని దర్బారులోకి వచ్చాడు. చెయ్యెత్తి పద్యం అందుకున్నాడు. రాగం పైకి పోతున్నకొద్దీ కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు పొలాల మీదినుంచి గాలి వచ్చింది. పరద ఉబ్బింది. పరద ఉబ్బితే పులి పొట్ట ఉబ్బింది.

"పులి ఊపిరి తీస్తుందిరో!"

పిల్లలు కెవ్వుమన్నారు. ఆ కేకకు పెద్దవాళ్లు ఘొల్లున నవ్వారు. రాజు రాగం నడుమ కళ్లు తెరిచాడు. మళ్లీ మూసి అందుకున్నాడు. గాలి తగ్గి పులి పొట్ట లోపలికి పోయింది. "వదిలింది, వదిలింది!" అని మళ్లీ కేకలు. ముందట కూర్చున్న ఊరి పిల్లలకు కాలు నిలవలేదు. ఒకడు వంగి అరుగు కింది నుంచి దూరి వెనక్కి పోయాడు. వాడి వెంట పది మంది. వాళ్లను పిలుచుకొస్తామని పోయిన అన్నలు అక్కడే నిలబడిపోయారు. రాజు మంత్రితో రాజ్యం సంగతి మాట్లాడే వేళకు ముందట ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు తప్ప ఎవరూ మిగల్లేదు. హార్మోనియం వాయించే అతను కూడా మెడ సాచి సందులోంచి చూస్తున్నాడు.

వెనుక గ్యాసుబత్తి దగ్గర అనసూర్య చూసింది. ఊరి పిల్లలు వాడపిల్లల నడుమ ఇరుక్కొని కూర్చున్నారు. ఒకడి తొడ మీద ఇంకొకడి కాలు. ఎవరు ఎవరి పిల్లలో ఆ వెలుతురులో తెలియడం లేదు. పులి ఊపిరి తీసినప్పుడల్లా అందరూ ఒక్కసారే వెనక్కి పడుతున్నారు.

పొద్దున పటేల్ తన ఇంటి అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు. చెవుల వెనుక ముఖానికి పూసిన రంగు ఇంకా ఉంది. పర్శరాములు కింద వాకిట్లో నిలబడ్డాడు. చుట్టిన పరదలు అనసూర్య గోడకు ఆనించింది. వాకిట్లో ఒక ముసలామె పెండ ఎత్తుతోంది.

"పరద మంచిగ గట్టినవు పర్శరాములూ," అన్నాడు పటేల్, పుక్కిలించి ఉమ్మి. "తప్పు పడుతలేను. దర్బారు కండ్ల పండుగనే ఉంది."

"మీ దయ పటేలా."

"గని ఎనుక బొమ్మ ఎందుకు గీసినవు?"

"గుడ్డ కలిసొస్తదని. బండి కిరాయి సుత మిగులుతదని..."

"మంచిదే. నీ ఇంట్ల నువ్వు ఎన్ని దిక్కుల గీసుకుంటే నాకేంది? నా ఆట నడుమ ఊరి పోరగాండ్లు లేచిపోయి మాదిగోళ్ల ఒళ్లె కూసున్నరు. మా తమ్ముని కొడుకు సుత పోయిండు. పొద్దుగాల వానికి తలస్నానం చేయించిండ్రు." పటేల్ గొంతు పెంచలేదు. పెంచే అవసరం ఆయనకు ఎప్పుడూ రాదు. "ఎనుక బొమ్మ కనపడొద్దు."

"సున్నం గొట్టమంటరా?"

"కొట్టు."

పర్శరాములు తల గోక్కున్నాడు. "రెండు దిక్కుల జిగురుంది పటేలా. ఇంకో పొర పడితే కట్టెలెక్క బిగుసుకపోతది. చుట్టినప్పుడు పెళపెళ పగులుతది. మీ దర్బారు సుత పోతది."

"అయితే గుడ్డేసి కుట్టు. నల్ల గుడ్డ. సోమారం పక్కూర్ల ఆట. అస్తరు కుట్టి తీసుకరా, రాత్రి ఆట పైసలు, ఆ ఆట పైసలు కలిపి తీసుకపో. మిగిలిన ఊర్లకు నేనే చెప్త. నేను అన్యాయపోణ్ణి గాదు."

అన్యాయం చేసేవాళ్లు ఈ మాట అనకుండా లోపలికి పోరు. పటేల్ కూడా అని లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చేసరికి ఎండ ముదిరింది. అనసూర్య పరద దించి, గడపలో కూర్చుని అరికాళ్లు ఒత్తుకుంది.

"అస్తరు గుడ్డ ఎంత పడుతది?" అన్నది.

"కొత్త పరదకెంత పడుతదో గంత."

"అంటే, పాత పరదకు బొమ్మ గీసి గుడ్డ మిగిల్చినం. గా బొమ్మను మూసెటందుకు కొత్త గుడ్డ కొంటం."

"ఇప్పుడు నన్నేం జేయమంటవ్? ఏడు ఊర్లు ఆయన చేతులున్నయి."

"ఏం జేయమంటలే." అరికాలు వదిలి రెండో కాలు పట్టుకుంది. "ముంగట ఎంతమంది ఉండిరి రాత్రి?"

"నూట యాభై. రెండు వందలకు తక్కువనే."

"ఎనుక?"

పర్శరాములు ముందట కూర్చున్నవాళ్లను చూడగానే లెక్క చెప్పగలడు. వెనుక సంగతి అతనికి తెలియదు.

"ఎక్కువనే ఉంటరు," అన్నది అనసూర్య. "ఎప్పుడన్న ఎక్కువనే. నేను బత్తికాడ కూసుంటగదా, చూస్త. పక్కన మూడు ఊర్లకెల్లి సుత వస్తరు. నీడలు చూసెటందుకు నడిచొస్తరు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వెప్పుడడిగినవ్?"

పొద్దు వాలే వేళకు అడుగుల చప్పుడైంది. దడి అవతల పాతికేళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. చంకలో చెప్పుల జత. కొండల్. రేగడిపల్లె వాడలో మోటతోళ్లు, చెప్పులు కుడతాడు. బెల్లంపల్లి బాయిలో ఏడాది పనిచేసి, తండ్రి పోతే తిరిగి వచ్చాడు. వాడ పోరగాళ్లను కూడేసి పద్యాలు నేర్పిస్తున్నాడని పర్శరాములు విన్నాడు. మూడేళ్ల కింద కొండల్ ఒకసారి పరద కిరాయికి అడిగితే, పర్శరాములే చేతులు జోడించి లేదన్నాడు కూడా.

"అయ్యా, గీ చెప్పులు నీకే తెచ్చిన," అని కొండల్ వాటిని దడి మీద పెట్టాడు. "పైసలక్కెరలే. వాడోళ్లు ఇచ్చి రమ్మన్నరు."

"ఎందుకురా?"

"ఎందుకేంది? మా తాతల కాణ్ణుంచి గా మైదానంల కూసుంటున్నం. మా దిక్కు బొమ్మ గీసిన మొదటి మనిషివి నువ్వే. మా అవ్వ ఐలవ్వ పొద్దుగాల పటేల్ ఇంట్ల పెండ తీస్తుంటే నిన్ను జూసిందట. గీ మనిషే మనకోసం పులి గీసిండు అని వాడంత చెప్పుకుంట వచ్చింది."

అనసూర్య మొగుడి వైపు చూసింది. ఊ అంటే సరిపోతుంది. చెప్పులు కొత్తవి, మంచి తోలు. పర్శరాములుకు అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

"మీకోసం గీయలే కొండల్. ఎనుక మీరుంటరన్న సోయే నాకు లేదు. గుడ్డ కలిసొస్తదని గీసిన. పులి సుత పులని గీయలే. నూనె మరకుంటే మూసిన."

కొండల్ దడి కర్రను గోటితో గీశాడు. పోతాడేమోనని పర్శరాములు చూశాడు. పోలేదు. ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత గట్టిగానే నవ్వాడు.

"మరక మూసెటందుకు గీసిన పులే గట్లుంటే, మాకని గీస్తే ఎట్లుంటదో సూడాలె."

అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇగో అయ్యా, పని మాట చెప్త," అన్నాడు కొండల్. "మేం ఆట కడుతున్నం. మా వాడల. సుట్టూర ఎనిమిది వాడలోళ్లు మాక్కావాలె మాక్కావాలె అంటుండ్రు. పటేల్ ఇచ్చేదాంట్ల సగమే ఇయ్యగలం. గని ఆట అయినంక గాదు, పరద కట్టకముందే నీ చేతుల పెడుతం. మోసుడు మాదే. పరద ఇస్తవా?"

"ఇస్తే ఏడు ఊర్లు నన్ను పొలిమేర తొక్కనియ్యవు."

"తొక్కనియ్యవు," అని ఒప్పుకున్నాడు కొండల్. "నీ ఇష్టం." చెప్పులు వాపసు తీసుకోలేదు. "అవి మైదానంల నీ అడుగుల కొలత చూసి కుట్టిన. ఇంకెవనికి రావు," అని పోయాడు.

అయినా పర్శరాములు మర్నాడు గుడ్డ కొనడానికే పోయాడు. భయం ఒక పూటలో పోయేది కాదు. మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న రాజలింగు అటు ఇటు పరుగెత్తే నాడె ఆపకుండానే, "ఏం బొమ్మ గీస్తున్నవే ఈ పాలి?" అని అడిగాడు.

"బొమ్మకు గాదు. నల్ల రంగు అద్ది అస్తరు కుట్టాలె. ఎనుకున్నోళ్లకు బొమ్మ కనపడొద్దట."

నాడె ఆగింది. రాజలింగు మొహం చెమటతో, పత్తి నూగుతో తెల్లగా ఉంది. "గుడ్డ నేసెటప్పుడు ఎవలు కట్టుకుంటరో, ఎవలు పరుసుకుంటరో అని అనుకుంట. ఎవలకూ ఏం కనపడకుండ చేసెటందుకు నేసుడు ఇదే మొదలు." దస్తీతో మొహం తుడుచుకొని గుడ్డ కొలిచి ఇచ్చాడు. పైసలు ఎండకాలం అయినంక ఇమ్మన్నాడు.

గుడ్డను నల్లగా అద్దడానికి పర్శరాములు దీపం మసి నూరుతూ కూర్చున్నాడు. అనసూర్య అడవి పైకి వచ్చేటట్టు పరద పరిచింది. మొదట ఒక అంచు కుట్టి చూస్తే కొలత తెలుస్తుందని, అద్దకముందే తెల్లగుడ్డ పైన వేసి, దబ్బనంలో దారం ఎక్కించింది. రెండు దిక్కుల జిగురు పట్టిన గుడ్డలో దబ్బనం దిగలేదు. మోకాలు ఆనించి బలంగా గుచ్చింది. టప్పుమని చప్పుడైంది. గుచ్చినచోటి నుంచి చెట్టు కొమ్మ మీద వేలెడు పగులు పారింది. ఇంకో కుట్టు. ఇంకో పగులు. మూడో కుట్టుకు జిగురు పెచ్చు లేచి, ఆమె గోటి కింద గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకొని చప్పరించి, నాలుగో కుట్టుకు వంగింది. వద్దని అనలేదు, తిట్టలేదు. ఇట్లా వంగి వంగి ఇన్నేళ్లు జిగురు నూరింది, పరదలు అతికింది, గ్యాసుబత్తికి గాలి కొట్టింది. తెల్లారి ఆట అయినంక ఎవరైనా మెచ్చుకుంటే ఆ మెప్పు పర్శరాములు ఒక్కడే తీసుకున్నాడు.

మసి నూరుతున్న అతని చెయ్యి ఆగిపోయింది.

"ఆపు," అన్నాడు.

"సోమారం రేపే."

"ఆపవే అంటున్న. నీ వేలు సూడు."

"వేలుదేముంది? అస్తరు లేకపోతే ఏడు ఊర్లు పాయె."

"ఏడు పోతే ఎనిమిది," అన్నాడు. అన్న తర్వాత తన మాట తనకే విచిత్రంగా వినిపించింది. ఉత్సాహం ఏమీ కలగలేదు. బెల్లంపల్లి భయం పోలేదు. పటేల్ భయం పోలేదు. ఈ పని మాత్రం తన చేతుల మీదుగా జరగదని తెలిసింది. అంతే. నల్లమసిని ఒక చిప్పలోకి ఎత్తిపెట్టాడు. చారలు దిద్దడానికైనా పనికొస్తుంది.

అనసూర్య దబ్బనం నుంచి దారం లాగేసింది. తెల్లగుడ్డను మడత పెడుతూ, "దీనికి జిగురు ఇయ్యాల్నే పెడుత. మల్ల రేపు నడుసుడు సుత ఉంది," అన్నది.

సోమవారం పొద్దున ఇద్దరూ రేగడిపల్లెలోకి వచ్చారు. పర్శరాములు భుజాన తెల్లగుడ్డ, అనసూర్య నెత్తిన జిగురు కుండ. వాడకు పోవాలంటే పటేల్ ఇంటి ముందు నుంచే దారి. అరుగు మీద పటేల్ కూర్చుని ఉన్నాడు.

"ఏమోయ్, అస్తరు భుజాన్నే ఉంది? కుట్టలేదా?"

"కుట్టలే పటేలా."

"మాపటికల్ల అయితదా మరి?"

"కాదు. నేను కుట్ట. వాడల పనుంది, పోతున్న."

పటేల్ ముందుకు వంగాడు. "సోయిల ఉండే మాట్లాడుతున్నవా?"

"రాత్రంత నిద్ర లేదు. సోయి జర ఎక్కువనే ఉంది." పర్శరాములు గుడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "శివరాత్రి పైసలు నాకు రావాలె. మీరు అన్యాయపోలు గాదు గద, పంపియ్యుండ్రి."

"పైసలా? ఈ ఊర్ల మల్ల పరద ఎట్ల గడుతవో సూస్త."

"కట్టెటందుకే పోతున్నం," అన్నది అనసూర్య. కుండ బరువుకు మెడ తిప్పలేదు, పటేల్‌ను చూడలేదు. నడుస్తూనే అన్నది.

ముందురోజు మాపే కబురు అందింది కాబట్టి, వాడలో గుంజలకు గుంటలు అప్పటికే తవ్వి పెట్టారు, నడి జాగాలో. వాడ పెద్దలు ఒక మంచం మీద, ఆడవాళ్లు గోడల నీడన. కొండల్ మొలలో నుంచి మూట తీసి అందరి ముందు పర్శరాములు చేతిలో పెట్టాడు. పర్శరాములు విప్పి చూడలేదు. పని మొదలుకాకముందు చేతిలో పైసలు పడటం అతని బతుకులో ఇదే మొదలు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అనసూర్యకు ఇచ్చాడు.

"ముందుగాల ఏం గీయాలె?"

"దర్బారు," అన్నాడు కొండల్.

"దర్బారెందుకురా?" కొండల్ తల్లి ఐలవ్వ అందుకుంది. "రోజు పొద్దుగాల దాని ముంగటనే పెండ తీస్త. రాత్రి సుత అదే సూడాల్నా? నాకు పులే గావాలె."

అందరూ నవ్వారు. పర్శరాములు గుంజల నడుమ దూరం బారలతో కొలిచాడు. కొలుస్తూ, అలవాటుగా అడిగాడు: "ఎనుక దిక్కు ఏం గీయాలె?"

"ఎనుక ఏం వద్దు," అన్నాడు కొండల్ గర్వంగా. "బాయి మీద ఉన్నప్పుడు చూసిన. కూలోల్లంత ఆట ముంగటనే కూసుంటరు. మా ఆటల సుత గంతే. ఎనుక ఎవ్వరుండరు."

"డక్కలోళ్లు రారా?" అన్నది ఐలవ్వ.

నవ్వులు ఆగిపోయాయి. డక్కలివాళ్లు మాదిగలనే అడిగి బతుకుతారు. మాదిగల పుట్టుక కథ చెప్పేది వాళ్లే. కానీ వాళ్లు వాడ లోపలికి అడుగు పెట్టరాదు. ఊరు వాడను ఎక్కడ నిలబెట్టిందో వాడ వాళ్లను అంతకు అవతల నిలబెట్టింది. తుమ్మచెట్ల దగ్గర వాళ్ల గుడిసెలు నాలుగు కనబడుతున్నాయి.

"వస్తే అటే ఉంటరు, తుమ్మలకాడ," అన్నాడు మంచం మీది పెద్దమనిషి పోశం. "ఎప్పటి పద్ధతి అది."

పర్శరాములు గుంటల దగ్గర నిలబడి తుమ్మల వైపు చూశాడు. ఎవరినీ తప్పు పట్టాలని కాదు, పరద కట్టేవాడు చూసినట్టు చూశాడు. ఇప్పుడు మాత్రం అతనికి వెనుక కనబడుతుంది. చూడకుండా ఉండటం చేతకాదు.

"గుంటలు గీడుంటే, ఆడికెల్లి గుడ్డ వీపు కనబడుతది," అన్నాడు.

కొండల్ తన తల్లి వైపు చూశాడు, పోశం వైపు చూడలేదు. మూలన ఉన్న గడ్డపార అందుకొని, తవ్విన గుంటల్ని కాలితో పూడ్చడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవురా?" అన్నాడు పోశం.

"మా ఇంటి గోడకు ఆనిచ్చి కడుతం. ఎనుక జాగనే ఉండది."

"మరి వాళ్లేడ కూసుంటరు?"

"ముంగటనే." గట్టిగా అనలేకపోయాడు. అయినా అన్నాడు.

పోశం లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. అతని వెంట ఇంకో ఇద్దరు లేచారు. మంచం మీద ఒకడే ముసలివాడు మిగిలాడు. లేవాలా వద్దా అన్నట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. కొండల్ గోడ దగ్గర గడ్డపార ఎత్తి మొదటి పోటు వేశాడు. నేల గట్టిగా ఉంది. పెళ్ల లేచింది.

గోడకు ఆనించి కడితే పరద మలపడం కష్టం. మలిపినప్పుడల్లా మొత్తం దించి, బయటికి తెచ్చి, తిప్పి మళ్లీ ఎక్కించాలి. పని రెండింతలు. బండి కిరాయి మిగిల్చిన ఉపాయం సగం ఇక్కడే పోయింది. ఆ సంగతి పర్శరాములుకు తెలుసు, అనసూర్యకు తెలుసు. ఆమె కుండ దించి, మెడ అటు ఇటు తిప్పుకొని, గుడ్డ పరవడానికి నీడ వెతుక్కుంటోంది.

పర్శరాములు గుంజ ఎత్తి కొత్త గుంటలో దించాడు. ఒక కన్ను మూసి గోడ వెంబడి చూశాడు. గోడకూ గుంజకూ నడుమ ఒక మనిషి పక్కవాటంగా ఇరుక్కునేంత సందు ఉంది.

"ఇంకా గోడ దిక్కు జరిపి తవ్వు," అన్నాడు కొండల్‌తో. "జానెడు సందు సుత ఉండొద్దు."